ఎఱ్ఱకుళ్లాయి కథలో నిగరణము

ఇతివృత్త మొక్కటియే యైనను, జెప్పువారి యలంకారము మాఱినకొలఁది కథ మాఱును. యూరపుఖండమున శిశువులకుఁ గంఠపాఠమైన ఎఱ్ఱకుళ్లాయి కథ దీనికిఁ జక్కని లక్ష్యము. ఎఱ్ఱని కుళ్లాయి దాల్చిన బాలిక యొకతె, జబ్బుపడిన యవ్వకు భక్ష్యములు గొనిపోవుచు నడవిలో నొక తోఁడేలితో మాటలాడును. అది ముందుగాఁ బోయి యవ్వను మ్రింగి, యామె శయ్యపైఁ బరుండి, పిదప వచ్చిన బాలికనుఁ గబళించును.

ఇందలి యలంకారము రూపకాతిశయోక్తి. ఉపమేయమైన ధూర్తపురుషుని పేరెత్తక యుపమానమైన తోఁడేలినే చెప్పుట. ఉపమాన ముపమేయమును మ్రింగుటను శాస్త్రకారులు నిగరణ మందురు. కథలోను మ్రింగుటయే, యలంకారములోను మ్రింగుటయే! ఈ పొందిక యాదృచ్ఛికమే యైనను విమర్శకున కుపకరించును. మ్రింగఁబడిన యర్థమును ఏ కథకుఁ డెచటఁ బైకిఁ దీసెనో చూచిన నాతని హృదయము తెలియును.

1697లో ఫ్రెంచిభాషలో నీకథను వెలువరించిన షార్లు పెరో, బాలికను వృకగర్భమునందే విడిచి కథ ముగించెను. ఆ సాహసము మెచ్చఁదగినదే. కాని తుదను నీతిపద్య మొకటి కూర్చి, మృదుభాషులై కన్యల వెంటఁబడు పురుషులే మిక్కిలి ప్రమాదకరములగు తోఁడేళ్లని తానే విప్పి చెప్పెను. రసమును బేరుపెట్టి పిలుచు కవికి స్వశబ్దవాచ్యత్వ మెట్టి దోషమో యిదియు నట్టిదే. వ్యంగ్యము వాచ్యమై చప్పఁబడినది.

1812లో జర్మనుభాషలోఁ బ్రకటించిన గ్రిమ్ము సోదరులు నీతిపద్యమును విడిచిరి. వేఁటకానిఁ బ్రవేశపెట్టి, కత్తెరతోఁ దోఁడేలి కడుపు చీల్పించి, యిరువురను సజీవులుగా వెడలించిరి. వెలికివచ్చినవి దేహములే కాని యర్థము గాదు. కావున నలంకారమునకు హాని లేదు.

ఆంగ్లరచయిత్రి ఆంజెలా కార్టరు వ్రాసిన కథ వేఱుదారిఁ ద్రొక్కినది. ఇందలి తోఁడేలు రూపము మార్చుకొను మనుష్యుఁడే, వేఁటకాని వేషమున వచ్చు నందగాఁడే. గ్రిమ్ముల కథలో రక్షకుఁడైనవాఁ డిట భక్షకుఁడు. శ్లేషపదమున రెండర్థములవలె రెండు పాత్ర లొక్క దేహమున నిమిడినవి. మొదట గ్రుచ్చిన పిట్టకథల వరుస కొంత దీర్ఘమే. అవి లేనిచో నీ రూపపరివృత్తి నమ్మశక్యము గాదు. ఉపమానోపమేయములకు భేదమే లేనప్పు డతిశయోక్తికిఁ దావెక్కడ? నిగరణము పోలేదు, స్థానము మార్చుకొన్నది. కోఱలను గూర్చిన ప్రసిద్ధసంవాదము ముగియఁగానే బాలిక భయపడదు, పకపక నవ్వును. తుదకుఁ దోఁడేలి కౌఁగిట నిద్రించును. అది జయమో, లొంగుబాటో! ఇచట మ్రింగఁబడినది బాలిక యభిప్రాయము. దానిని విప్పి చెప్పకుండుట చేతనే కార్టరు కథ పెరో కథకంటె మేలైనది.

దీనిని దెనిఁగింపఁబూనువారికి వ్యాకరణము చిక్కు తెచ్చును. తెలుఁగున నేకవచనమందు స్త్రీవాచకములును దిర్యగ్వాచకములును అమహత్తులు. బాలిక 'వచ్చుచున్నది', తోఁడేలును 'వచ్చుచున్నది'. 'వచ్చుచున్నాఁడు' అన్నంతనే ముసుఁగు జాఱును. చిన్నయసూరి 1853 నాఁటి నీతిచంద్రికలో నక్కలను దమనకుఁడు, కరటకుఁడు అని నిస్సంకోచముగా మహత్తులను జేసెను. అచట దాఁపఱికము లేదు గనుక చెల్లినది. పెరో కథ భూతకాలమున నడచును గనుక 'వచ్చెను' అన్న రూప మందఱకుఁ జెల్లి గుట్టు నిలుపును. కార్టరు పలుచోట్ల వర్తమానమును వాడినది. యువకుఁడు వస్త్రములు విడిచి మృగమగు ఘట్టమున 'ఉన్నాఁడు' అన్న మృగము లోపించును, 'ఉన్నది' యన్నఁ బురుషుఁడు లోపించును. సర్వనామమును విడిచి, లింగభేద మెఱుఁగని తద్ధర్మక్రియలతో, 'విప్పును', 'చూచును', 'సమీపించును' అని యా ఘట్టమును నడపుట యొక్కటే యుక్తముగాఁ దోఁచుచున్నది.