అంతర్వేది దాటాక గోదావరి

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు మీద నిలబడితే గోదావరి అక్కడితో అయిపోయిందనిపిస్తుంది. అయిపోదు. ఇక్కడ వశిష్ఠ, అటు ఓడలరేవులో వైనతేయ మోసుకొచ్చిన ఒండ్రులో కొంత లంకలై ఆగితే, మిగిలింది ఉప్పునీటి కిందికి దిగి, వాలు వెంట జారి, వెలుగు చొరని లోతుల్లో పడుకుంటుంది. మన కొబ్బరితోటల్ని నిలబెట్టిన మన్నే అది. కోనసీమలో అతి అందమైన భాగం ఎవరూ కాలు మోపలేని ఆ నేలే అంటాను నేను.

2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ గోదావరి మొగకు ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైబడిన లోతులో, అడుగు మట్టిని గొట్టాలతో తోడింది. ఒక్క గొట్టంలో దాదాపు 11 వేల ఏళ్ల గోదావరి దొరికింది, ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొరగా. ఆ పొరల్లో ఆకుల మీది పల్చటి మైనం ఉంది. ఏనాటి చెట్టుదో, ఏ గడ్డిపరకదో! వానకు రాలి, వరదలో కొట్టుకొచ్చి, బురద కప్పేసినా చెడలేదు. సుమారు 4 వేల ఏళ్ల కిందట నదీతీర దేశం ఎండిపోసాగిందనీ, ఎండకోర్చే మొక్కలు పెరిగాయనీ ఆ మైనమే చెప్పింది. పక్కనే ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల సున్నపు పెంకులు. అవి ఆనాటి సముద్రం ఉప్పదనాన్ని దాచుకున్నాయి. నేల కబురూ నీటి కబురూ ఒకే పిడికెడు మట్టిలో!

మైనంగా మిగలనిదీ వృథా పోలేదు. కుళ్లిన ఆకునూ అలమునూ సూక్ష్మజీవులు మీథేన్‌గా మారుస్తాయి. ఆ లోతుల్లోని చలికీ, పైనున్న నీటి బరువుకీ అది నీటితో కలిసి మంచులా గడ్డకడుతుంది. అగ్గిపుల్ల గీస్తే మండే మంచు! ఆ యాత్రలోనే కృష్ణా–గోదావరి బేసిన్‌లో మరోచోట సుమారు 130 మీటర్ల మందాన అది కనబడింది. దాన్ని ఇంధనమని లెక్కలు కట్టేవాళ్లు కట్టనీ, నా చూపు మాత్రం దాని రూపం దాటి పోదు. బూడిదరంగు బంకమట్టి పగుళ్లలో తెల్లటి నరాలు!

ఓడ మీదికి రాగానే ఆ మంచు బుసబుసమని విడిపోతుంది. అందుకే కొన్ని ముక్కల్ని ఒత్తిడి తగ్గని గొట్టాల్లో పైకి తెచ్చి, తెరవకుండానే ఎక్స్‌రే తీశారు. ఆ చిత్రాల్లో నరాలు చాలావరకు నిటారుగా ఉన్నాయి. పైకి ఎగబాకాలని గ్యాసు చీల్చుకున్న దారులవి.