పుదుచ్చేరి తారీఖుల దండకం

నవంబరు ఒకటీ, ముందు నీకే నమస్కారం. తెలుగువాడికి నువ్వు రెండు పండగల రోజువి. 1956లో నీ పొద్దున ఆంధ్రప్రదేశ్ అవతరించింది. దానికి సరిగ్గా రెండేళ్ల ముందు, 1954లో, నీ పొద్దునే పుదుచ్చేరి ఫ్రెంచి పాలన విడిచి భారతదేశంలోకి వచ్చింది. పాత పట్నాన్ని చుట్టిన బులవార్ రోడ్డు దాటి పడమటికి వస్తే తగిలే ఈ ఒర్లియంపేటలో, ఆ రోజు ఎవరైనా చేతిలో మిఠాయి పెడితే ఏ పండగకని అడగబుద్ధి కాదు. రెంటికీ కలిపి కళ్లకద్దుకుంటాను.

అక్టోబరు ఒకటీ, నీకూ. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం నీ రోజునే కళ్లు తెరిచింది. 2006లో నీ రోజునే ఈ ఊరు సర్కారు కాగితాల్లో పాండిచ్చేరి పేరు వదిలి పుదుచ్చేరి అయింది. ఎవరూ కూడబలుక్కుని పెట్టిన ముహూర్తాలు కావివి. అయినా యానాంలో పుట్టి, చదువుకో కొలువుకో ఇక్కడికి వచ్చి గది అద్దెకు తీసుకున్న పిల్లలకు ఆ రెండు తారీఖులు వస్తే పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే వీధిలో ఉన్నట్టుంటుంది.

ఎంత చిన్న నేల ఇది! నాలుగు ముక్కలూ కలిపినా ఐదు వందల చదరపు కిలోమీటర్లు లేదు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ తీరాన, మాహె మలయాళ తీరాన, యానాం మన గోదావరి పాయ ఒడ్డున. అమెరికాలో డెలావేర్ అని ఇలాంటిదే చిన్న రాష్ట్రం ఒకటుంది. ఆ దేశపు రాజ్యాంగాన్ని అన్నిటికంటే ముందు, 1787 డిసెంబరు 7న ఆమోదించింది. ఆ తారీఖును తన జెండా మీదే రాసుకుంది. పుదుచ్చేరికి అలా రాసుకోవడానికి సొంత జెండా లేదు. పైగా దాని తారీఖులు చాలావరకు దాని చేతితో రాసినవి కావు. సముద్రం అవతల ఎవరో బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు పెడితే నెలల తరవాత ఓడ దిగి వచ్చినవి. పరాయి సంతకాల కింద బతికి, చివరికి సొంత సంతకం పెట్టిన నేల ఇది. అందుకే ఆ తారీఖులను ఒక్కొక్కటిగా పిలిచి దండం పెట్టాలనిపిస్తుంది.

1674, నీకు దండం. బిజాపూరు సుల్తానుల తరఫున ఈ ప్రాంతాన్ని ఏలిన షేర్ ఖాన్ లోడీ చోటిస్తే, ఫ్రెంచి కంపెనీ తరఫున ఫ్రాన్సువా మార్టిన్ ఈ ఒడ్డున కాలు నిలిపిన ఏడాదివి. 1693, నీకూ దండం. డచ్చివారు ఊరిని పట్టుకున్నారు. ఉన్న కొద్ది కాలంలోనే వాళ్లు గీసిన నిట్టనిలువు, అడ్డం గీతలే ఈనాటికీ వీధులుగా ఉన్నాయి. 1697లో రిస్విక్ అనే ఊళ్లో కుదిరిన ఒప్పందం ఊరిని తిరిగి ఫ్రెంచివారికి ఇచ్చింది. 1699లో మార్టిన్ వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తరవాత 1761, 1778, 1793. మూడుసార్లు ఇంగ్లీషువారు పట్టుకున్నారు, మూడుసార్లూ ఒప్పందాలు తిరిగి ఇప్పించాయి. చివరిసారి చేతికి వచ్చింది 1816 డిసెంబరులో. ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ అది పద్దు పుస్తకంలో ఒక వరస. ఊళ్లో ఉన్న నేతగాళ్లకు, అద్దకం వాళ్లకు, పడవవాళ్లకు, ప్రతిసారీ ఇల్లు కూలడం, తిరిగి కట్టడం.

ఆ వరసలో నా చేయి 1761 జనవరి 16 దగ్గర ఆగుతుంది. నెలల తరబడి ముట్టడి, ఆకలి, తరవాత ఫ్రెంచి సేనాని లాలీ లొంగుబాటు. ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్ దండు లోపలికి వచ్చింది. కోటనూ ఊరినీ నేలమట్టం చేశారు. ఆ జనవరిలోనే ఆనందరంగ పిళ్ళై కన్నుమూశాడు. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీగా పనిచేసి, 1736 నుంచి చివరి రోజుల దాకా, పాతికేళ్లు దినచర్య రాసిన మనిషి. ఏ ఓడ వచ్చింది, ఏ సరుకు దిగింది, గవర్నరు ఏమన్నాడు, ఆయన భార్య ఏమంది, 1748లో వేదపురీశ్వరుడి గుడిని ఎలా పడగొట్టారు, అన్నీ తమిళంలో రాసిపెట్టాడు. రాజులూ సేనానులూ తమ తారీఖులను శిలల మీద చెక్కించుకుంటారు. ఈయన ఊరి తారీఖులను ఏ రోజుకారోజు కాగితం మీద దాచాడు. ఆ పుటల పుణ్యాన మనకి తెలిసినంతగా ఆ కాలపు దక్షిణాది పట్నం మరొకటి తెలియదనే నా నమ్మకం. ఆయన ఇల్లు ఆయన పేరిట ఉన్న వీధిలో ఇంకా నిలిచి ఉంది.

ఆ ఇంటికి తెలుగు కూడా వచ్చిందని మనవాళ్లలో ఎందరికి తెలుసు? కస్తూరి రంగకవి అనే తెలుగు కవి తన ఛందో గ్రంథానికి ఆనందరంగరాట్ఛందము అని పేరు పెట్టి ఈయనకే అంకితమిచ్చాడు. తమిళంలో దినచర్య రాసుకునే దుబాసీ, ఫ్రెంచి దొర కొలువు, తెలుగు పద్యాల లక్షణాలు చెప్పే పుస్తకం. ఆ కృతి అందుకున్న రోజు ఏ తిథో ఏ వారమో, దానికీ ఒక దండం.

కానీ ఈ దండకంలో నెత్తుటి తారీఖు ఒకటుంది. దాన్ని దాటి పోలేను. 1753లో హైదరాబాదు సుబేదారు సలాబత్ జంగ్ కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. తీసుకున్నవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. పుదుచ్చేరి గవర్నరు భవనం నుంచి చూస్తే అది సైన్యం జీతాలకు దారి. శ్రీకాకుళం సీమ నుంచి చూస్తే అది పన్నులు పిండే కొత్త చేయి. నాలుగేళ్లు తిరగకుండా 1757 జనవరి 24 వచ్చింది. విజయనగరం విజయరామరాజు పక్కన బుస్సీ ఫిరంగులు, ఎదురుగా బొబ్బిలి కోట. లోపల ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకుండా తమవాళ్ల చేతిలోనే ప్రాణాలు వదిలారు. తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూరి విజయరామరాజును చంపి తానూ ఒరిగాడు. బుర్రకథల్లో మనం విన్న ఆ జనవరికీ, ఈ సముద్రపు ఒడ్డున పూలతీగలు పాకిన పసుపుపచ్చ గోడలకీ మధ్య ఒక తాడు ఉంది. ఫిరంగి మందు ఖర్చు ఇక్కడి లెక్కల్లోకే చేరింది. 1758 డిసెంబరులో చందుర్తి, 1759 ఏప్రిల్‌లో బందరు ఇంగ్లీషువారికి పోయాక ఆ సర్కారులు ఫ్రెంచివారి చేయి జారాయి. ఇప్పుడు పుదుచ్చేరి నుంచి కాకినాడకు పోయే రైలు సర్కార్ ఎక్స్‌ప్రెస్. అందులో రాత్రంతా కూర్చుని సొంతూరికి పోయే యానాం కుర్రాళ్లకు ఆ పేరు వెనకున్న నాలుగు సర్కారుల కథ ఎవరైనా చెప్పాలి.

1816 తరవాత యుద్ధాలు అయిపోయాయి. ఆ మెత్తని ఏళ్లకు త్వరగా దండం పెట్టేస్తాను. 1826, నువ్వు బొటానికల్ గార్డెన్‌వి. ఒర్లియంపేట నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నీ చెట్ల నీడ ఇంకా ఉంది. 1827, నువ్వు గ్రంథాలయానివి. ఇప్పుడు ఫ్రెంచి రచయిత రోమా రోలా పేరు పెట్టుకున్నావు. 1879, విల్లుపురం నుంచి వచ్చిన మొదటి రైలువి. 1908, బ్రిటిషు పోలీసుల నుంచి తప్పించుకుని వచ్చిన సుబ్రహ్మణ్య భారతికి గది ఇచ్చావు. 1910 ఏప్రిల్ 4, ఓడ దిగిన అరవిందులకు చోటిచ్చావు. పక్కనే బ్రిటిషు ఇండియా, సరిహద్దు దాటితే ఇక్కడ వేరే చట్టం. ఆ చిన్న తేడాలోనే ఎందరో ఊపిరి పీల్చుకున్నారు.

ఇక 1936 జులై 30, నీ ముందు చెప్పులు విడిచి నిలబడతాను. మిల్లుల్లో సమ్మె. 1898లో మొదలైన పెద్ద మిల్లు, దానితోపాటు మరో రెండు, ఊరికి అన్నం పెట్టేవీ అవే, ఊరి ఒళ్లు గుల్ల చేసేవీ అవే. పగలంతా మగ్గాల హోరు, దూది దుమ్ము, చిన్నపిల్లల చేత కూడా చాకిరీ. నాయకుడు వి. సుబ్బయ్య వెంట కార్మికులు సంఘం కావాలన్నారు, పని గంటలకు ఒక హద్దు కావాలన్నారు. ఆ రోజు ఫ్రెంచి సిపాయిలు కాల్పులు జరిపారు. పన్నెండు మంది చనిపోయారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అని తన దేశంలో గోడగోడ మీదా రాసుకున్న రాజ్యం, కూలి అడిగిన వాళ్లను నడిరోడ్డు మీద కాల్చింది. ఆ నెత్తురు వృథా పోలేదు. మరుసటి ఏడాదికల్లా ఎనిమిది గంటల పనిదినం, సంఘం పెట్టుకునే హక్కు చట్టంలోకి ఎక్కాయి. రిస్విక్‌లోనూ పారిస్‌లోనూ కాక, ఈ ఊరి మనుషులు తమ చేతితో రాసుకున్న తారీఖుల్లో ఇదే పెద్దదని నేనంటాను. ఆ పెద్ద మిల్లు 2020లో మూతపడింది. జులై 30 మాత్రం ఏటా వస్తుంది, ఎర్ర జెండాలతో, పూలదండలతో.

1947 ఆగస్టు 15, నీకు దండం పెడతాను గాని, ఆ రోజు ఈ ఊరి తలుపు తెరుచుకోలేదు. చుట్టూ దేశమంతా స్వతంత్రం, నడుమ ఈ నాలుగు ముక్కల్లో ఇంకా గవర్నరు. ఒక వీధి భారతదేశంలో, పక్క వీధి ఫ్రాన్సులో ఉన్న పల్లెలుండేవి ఇక్కడ. ఏడేళ్లు గడిచాయి. అప్పుడు 1954 అక్టోబరు 18 వచ్చింది, సోమవారం. కీళూరు అనే పల్లెలో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది చేరి ఓటు వేశారు. భారతదేశంలో కలుద్దామని 170 మంది, వద్దని ఎనిమిది మంది. ఆ 170కి జయం. ఆ ఎనిమిది మందికీ నా నమస్కారం, ఎందుకంటే వద్దని చెప్పగలిగినప్పుడే అవునన్న మాటకు విలువ. రెండు వారాలకే నవంబరు ఒకటి.

అయినా కాగితం మీద పని ముగియలేదు. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రాన్సు పార్లమెంటు దాన్ని ఆమోదించేసరికి 1962. ఆ ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు. చట్టం లెక్కన పుదుచ్చేరి ఆ రోజే భారతదేశమైంది. ఇప్పటికీ ఏటా ఆగస్టు 16న కీళూరులో జెండా ఎగరేస్తారు. ఒప్పందంలో ఒక మాట ఉంది: ఇక్కడ పుట్టి ఇక్కడే ఉన్నవాళ్లు కావాలంటే ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకోవచ్చు. ఆ ఆరు నెలలూ ఇంటింటా ఎన్ని మాటలు జరిగి ఉంటాయో! అన్న ఒక దేశం, తమ్ముడు ఒక దేశం. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకునే పెద్దాయన, ఆయన మనవడికి భారత రేషను కార్డు. ఆ ఇళ్లు ఇంకా ఉన్నాయి. జులై 14 వస్తే కొన్ని వాకిళ్లలో ఫ్రెంచి జెండా, ఆగస్టు 15కి అదే వీధిలో మన జెండా. రెంటి మధ్యా ఈ ఊరు గొడవ పడకుండా బతకడం చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

అన్నిటికంటే ఇష్టమైన తారీఖును కావాలనే చివరికి ఉంచాను. 1954 జూన్ 13, ఆదివారం. మన యానాం. 1723లో ఫ్రెంచివారు మొదట అడుగుపెట్టి, వదిలి, మళ్లీ 1731లో తిరిగి వచ్చిన ఊరు. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాక, గోదావరి జిల్లాల వాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి ఫ్రెంచి చట్టం నీడలో పెళ్లిళ్లు చేసుకుపోయిన ఊరు. కల్యాణపురం అని పేరు తెచ్చుకుంది. ఆ తాళిబొట్ల కింద ఎన్ని చిట్టి మెడలు వంగాయో తలుచుకుంటే ఆ పెళ్లి ముహూర్తాలకు మాత్రం దండం పెట్టలేను. కానీ జూన్ 13కి పెడతాను, రెండు చేతులా. ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య ముందుండగా, యానాం ఫ్రెంచి పాలనను ఆ రోజు తోసేసింది. బెంగాల్లో ఉన్న ఐదో ఫ్రెంచి ముక్క చందర్‌నగర్ అప్పటికే వెళ్లిపోయింది. మిగిలిన నాలుగింటిలో మాహె జులై 16న విడుదలైంది, పుదుచ్చేరీ కారైకాలూ నవంబరుకు. కీళూరులో ఓటు వేసే రోజుకు నాలుగు నెలల ముందే గోదావరి ఒడ్డున ఆ పని అయిపోయింది. మన బడి పుస్తకాల్లో బొబ్బిలి జనవరి ఉంది, కర్నూలు అక్టోబరు ఉంది. యానాం జూన్ కూడా ఆ పుటల్లోకి రావాలి, రమణయ్య పేరుతో సహా.