దారికి అడ్డంగా పడుకున్న వీరుడు

సముద్రం దాటినవాడు, లంకను కాల్చినవాడు, ఓషధుల కొండను పెకలించి తెచ్చినవాడు హనుమంతుడు. అంతటివాడు తర్వాతి యుగం కథలోకి వచ్చేసరికి ఎంతసేపు కనిపిస్తాడు? మహాభారతం అరణ్యపర్వంలో ఒక అరటితోట దగ్గర భీముడి దారికి అడ్డంగా పడుకుని కాసేపు మాట్లాడతాడు. యుద్ధంలో అర్జునుడి రథం మీద జెండా గుర్తుగా ఉంటాడు. రామాయణంలో సుందరకాండ మొత్తాన్నీ నడిపినవాడికి భారతంలో దక్కిన చోటు దాదాపుగా ఇంతే. అయినా ఈ చిన్న పాత్ర ఆయన పరువును వెంట్రుకవాసి కూడా తగ్గించలేదు. పాత వీరుణ్ణి కొత్త కథలోకి ఎలా తీసుకురావాలో, ఎప్పుడు పక్కకు తప్పించాలో మన కథకులకూ ఆటగాళ్ళకూ బాగా తెలుసు. ఆ విద్యను దగ్గరగా చూడాలంటే తోలుబొమ్మల తెర ముందు కూర్చోవాలి.

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని బండ్రి వైపు హనుమంతుడంటే సొంత మనిషి. తుంగభద్ర ఒడ్డున ఆనెగొంది దగ్గరున్న అంజనాద్రే ఆయన పుట్టిన కొండ అని ఇక్కడివాళ్ళ నమ్మకం. హంపి చుట్టూ పరుచుకున్న రాళ్ళగుట్టలే వాళ్ళకు కిష్కింధ. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది గానీ ఆటకు ఆ హద్దు అంటలేదు. కన్నడంలో తొగలు గొంబెయాట అన్నా, తెలుగులో తోలుబొమ్మలాట అన్నా కథలు అవే, మేకతోలు అదే, తెల్లగుడ్డ తెర వెనక దీపం అదే. ఇటు బళ్ళారిలో బెళగల్లు వీరణ్ణ 2023లో కన్నుమూసేదాకా ఈ బొమ్మలతోనే స్వాతంత్ర్య పోరాటాన్ని కూడా ఆడించి చూపారు. అటు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో దళవాయి చలపతిరావుకు ఈ విద్యకే 2020లో పద్మశ్రీ వచ్చింది.

సౌగంధిక పుష్పం కథ తెలిసిందే. గాలికి కొట్టుకొచ్చిన పువ్వు ద్రౌపదికి నచ్చింది. అలాంటివి ఇంకా కావాలంది. భీముడు గంధమాదనం మీదికి బయల్దేరాడు. తెలుగులో ఈ ఘట్టాన్ని రాసింది నన్నయ. దీన్ని తెర మీద ఆడించడంలో మొదటి పాఠం ఏమిటంటే, పాత వీరుడి మొహం వెంటనే చూపకూడదు. మూలకథలోనే ఆ ఏర్పాటు ఉంది. హనుమంతుడు తోకతో నేలను కొడతాడు. కొండలు మారుమోగుతాయి. భీముడు ఆ మోత ఎక్కడిదో వెతుక్కుంటూ వస్తాడు. అంటే ముందు చప్పుడు, ఆ తర్వాతే మనిషి. బొమ్మలాటలో చప్పుడుకు కొరత లేదు. మద్దెల ఉంది, తాళాలున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా ఆటగాడి కాలికింద చెక్కపలక ఉంది. భీముడి ప్రతి అడుక్కూ పలక దద్దరిల్లుతుంది. హనుమంతుడి దగ్గరికి వచ్చేసరికి ఆ పలక ఆగిపోవాలి. అంత గోల తర్వాత వచ్చే నిశ్శబ్దంలోనే జనానికి అర్థమవుతుంది, అక్కడ పడుకుని ఉన్నది మామూలు కోతి కాదని. భీముడికి మాత్రం ఇంకా అర్థం కాదు. చూసేవాళ్ళకు తెలిసి, కథలో ఉన్నవాడికి తెలియని ఆ కాసేపు ఎంత సాగదీస్తే అంత రక్తి.

రెండో పాఠం పరిమాణానిది. తోలుబొమ్మల్లో రాజుకు, దేవుడికి పెద్ద బొమ్మ, సేవకుడికి చిన్న బొమ్మ. ఆంధ్ర వైపు బొమ్మలు మనిషెత్తు దాకా ఉంటాయి. ఈ లెక్కన భీముడూ పెద్ద బొమ్మే, హనుమంతుడూ పెద్ద బొమ్మే. ఇద్దరినీ నిలబెడితే ఎవరు గొప్ప అన్న పోటీ మొదలవుతుంది, కథ దారి తప్పుతుంది. కథకుడు హనుమంతుణ్ణి పడుకోబెట్టడంలోని గడుసుతనం ఇక్కడే ఉంది. నిలువుగా ఉన్న గీత భీముడిది, అడ్డంగా ఉన్న గీత హనుమంతుడిది. తెర ఎత్తంతా కుర్రవాడిది, వెడల్పంతా ముసలివాడిది. నిజానికి ఇద్దరూ వాయుపుత్రులే, అన్నదమ్ములే. అన్న తమ్ముడి చోటు ఆక్రమించకుండానే తెరంతా నిండిపోయాడు.

ఇక తోక. నేను ముసలివాణ్ణి, ఒంట్లో బాగాలేదు, లేవలేను, తోక పక్కకు జరిపి వెళ్ళు అంటాడు హనుమంతుడు. భీముడు ముందు చులకనగా ఎడమచేత్తో పట్టుకుంటాడు. కదలదు. తర్వాత రెండు చేతులూ వేస్తాడు. ఒళ్ళంతా చెమట పడుతుంది గానీ తోక కదలదు. ఈ రెండు మెట్లూ విడివిడిగా చూపించాలి. తొందరపడి ఒకేసారి రెండు చేతులూ వేయిస్తే భీముడి గర్వం చూడ్డానికీ వీలుండదు, అది కరగడం చూడ్డానికీ వీలుండదు. తోలుబొమ్మకు మెడ, భుజం, మోచెయ్యి, నడుము దగ్గర దారంతో వేసిన అతుకులుంటాయి, వెన్నులా ఒక బద్ద ఉంటుంది, చేతులు ఆడించే పుల్లలుంటాయి. భీముడి అతుకులన్నీ ఆడుతుంటే హనుమంతుడి బొమ్మలో ఒక్కటీ కదలకూడదు. నా దృష్టిలో ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, బొమ్మను ఆడించకుండా పట్టుకోవడం. చిన్న పాత్ర వేసే పెద్ద నటుడికీ ఇదే పరీక్ష.

భీముడు తలవంచాక, సముద్రం దాటినప్పటి రూపం చూపించమని అడుగుతాడు. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీతలన్నీ తేటగా కనిపిస్తాయి. దీపం వైపు వెనక్కి లాగుతుంటే నీడ పెరుగుతుంది, అంచులు చెదిరిపోతాయి, రంగులు కలిసిపోతాయి. వెలుగుకు సహజంగా ఉన్న ఈ గుణం విశ్వరూపానికి అచ్చంగా సరిపోతుంది. ఎంత పెద్దదవుతుంటే అంత అస్పష్టం. కథలోనూ భీముడు ఆ రూపాన్ని చూడలేక కళ్ళు మూసుకుని, ఉపసంహరించుకోమని వేడుకుంటాడు. పాత వీరుడి పూర్వపు బలాన్ని ఒక్కసారే, క్షణకాలమే చూపించాలి. రెండోసారి చూపిస్తే అది ప్రదర్శన అయిపోతుంది.

ఆ తర్వాత వచ్చే మాట ఈ ఘట్టానికి గుండెకాయ. ఇంత బలం ఉండి రావణుణ్ణి నువ్వే ఎందుకు చంపలేదన్న ఊహ భీముడికి కలుగుతుంది. నేనే చంపేస్తే రాముడి కీర్తి మరుగున పడేది, అందుకే ఉపేక్షించాను అంటాడు హనుమంతుడు. తన సొంత కథలోనే పక్కకు తప్పుకోవడం తెలిసినవాడు కాబట్టే రెండో కథలో చిన్న చోటు ఆయనకు సహజంగా అమరింది. కావాలంటే కౌరవులను తానే వెళ్ళి చంపుతానన్నాడు గానీ, నీ దయ ఉంటే చాలని భీముడు అనగానే పక్కకు తప్పుకున్నాడు. నువ్వు సింహనాదం చేసినప్పుడు నా గొంతు కలుపుతాను, అర్జునుడి జెండా మీద ఉంటాను అన్నాడు. పద్దెనిమిది రోజులు ఆ మాట మీదే ఉన్నాడు. యుద్ధం ముగిసి కృష్ణార్జునులు రథం దిగగానే జెండా మీది కపి మాయమైంది, రథం భస్మమైంది. ద్రోణుడి, కర్ణుడి అస్త్రాలకు ఎప్పుడో కాలిపోవాల్సిన రథం ఇంతదాకా నిలిచింది తనవల్లేనని అప్పుడు చెప్పింది కృష్ణుడు. హనుమంతుడు పెదవి విప్పలేదు.

ప్రపంచంలోని పెద్ద పెద్ద అంతరిక్ష గాథలు కూడా ఈ చిక్కు దగ్గరికే వచ్చాయి. 2015లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో అందరూ వెతికేది ల్యూక్ స్కైవాకర్ కోసం. ఆయన చివర్లో కనిపిస్తాడు, ఒక్క మాటా మాట్లాడడు. 1983 నాటి సినిమాలో కథానాయకుడిగా చూసిన మార్క్ హామిల్‌కు దర్శకుడు అంతే చోటిచ్చాడు, ఆ మౌనం సినిమాను దాటి మనసులో నిలిచింది. 2017లో వచ్చిన తర్వాతి భాగంలో ల్యూక్ శత్రుసేన ఎదుట తన ప్రతిబింబాన్ని నిలబెడతాడు. ఎవరినీ కొట్టడు, తనవాళ్ళు తప్పించుకునేంత సమయం సంపాదించి ప్రాణం విడుస్తాడు. పాత వీరుడు కత్తి దూసి అందరినీ నరకలేదేమని చాలామంది అభిమానులు బాధపడ్డారు. అరటితోట ఘట్టం తెలిసినవాళ్ళకు ఆ ముగింపు ఎంత సరైనదో వేరే చెప్పనక్కర్లేదు.

మన దగ్గర 2024 జూన్ 27న విడుదలైన కల్కి 2898 ఏడీ నేరుగా భారతానికే కొనసాగింపు. నాగ్ అశ్విన్ అందులో అశ్వత్థామను కృష్ణుడి శాపంతో యుగాలు దాటించి, దిక్కులేని తల్లి కడుపులోని బిడ్డకు కాపలా పెట్టాడు. కథానాయకుడు ప్రభాస్. అశ్వత్థామ వేషం అప్పటికి 81 ఏళ్ళున్న అమితాబ్ బచ్చన్‌ది. మొదట ఒంటినిండా గుడ్డలు చుట్టుకుని మొహం కనబడనీయని ముసలివాడు, తర్వాత అందరికంటే తలెత్తు పెద్దగా లేచి నిలబడే మనిషి. బొమ్మలాటగాళ్ళకు తెలిసిన ఆలస్యమూ, పరిమాణమూ రెండూ అక్కడున్నాయి. కమల్ హాసన్‌ను కొన్ని నిమిషాలే చూపించి అంత భయం పుట్టించడమూ ఆ విద్యే.

ఒక్క విషయంలో మాత్రం నాకు అసంతృప్తి. అశ్వత్థామను ఎక్కువగా పోరాటాల్లో చూపించారు. హనుమంతుడికి కొత్తగా నిరూపించుకోవలసింది లేదు. అశ్వత్థామ అలా కాదు, నిద్రపోతున్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భంలోని పిండం మీద అస్త్రం వేసినవాడు. అలాంటివాడు ఇంకో గర్భానికి కాపలా కాయడంలో ఉన్న వేదన ఏ పోరాటం కంటే లోతైనది. దానికి కదలని బొమ్మ కావాలి, ఆగిన చెక్కపలక కావాలి. రెండో భాగంలో అశ్వత్థామకు తెరమీద సమయం తగ్గించి, ఆ తల్లి ఎదుట నోరు విప్పి తన నేరం ఒప్పుకునే ఒక్క దృశ్యం ఇస్తే చాలు. బచ్చన్ గొంతుకు ఆ ఒక్క దృశ్యం సరిపోతుంది.