దేవదాసు మద్యపానము - ఒక పరిశీలన

దేవదాసు ఏల త్రాగెనని ఇటీవల తరగతిలో అడిగితిని. పార్వతి దక్కనందుకని అందఱును ఒక్క కంఠముతో అన్నారు. లేఖ మాట ఒక్కరికిని జ్ఞప్తికి రాలేదు.

శరత్ నవల 1917లో వెలువడినది. అందు పార్వతి లోకాపవాదమునకు వెఱవక రాత్రివేళ దేవదాసు గదికి వచ్చి తన్ను స్వీకరింపుమని కోరును. అతడు తల్లిదండ్రులచే కాదనిపించుకొని కలకత్తా చేరి, ఆమెపై తనకు విశేషానురాగ మెన్నడును లేదను భావముతో లేఖ వ్రాయును. పిదప పశ్చాత్తప్తుడై తిరిగివచ్చును. ఆమె నిరాకరింపగా గాలపు కఱ్ఱతో నుదుట గాయము చేయును. ఈ రెండు పనులకును మద్యము కారణము కాదు. పలాయనము లేఖతోనే మొదలైనది. చంద్రముఖి యింట పట్టిన పాత్ర దానికి కొనసాగింపు. త్రాగనిదే ఆ యింట కూర్చుండజాలడు. పాఱిపోయి చేరిన చోటును భరించుటకు మద్యము కావలసివచ్చినది.

మఱియొక సూక్ష్మము. పార్వతి సేవచేయు భాగ్యమిమ్మని వేడినపుడు, మరణించులోపల ఒకమాఱు ఆమె యింటికి వచ్చెదనని మాట యిచ్చును. రోగపీడితుడై, రైలు దిగి, ఎడ్లబండిపై హాతీపోతా చేరి, ఆ యింటి ముంగిట చెట్టు క్రింద ప్రాణము విడుచును. జీవితమున నిర్ణయమును దాటవేసినవాడు మరణమునకు ముడిపడిన మాటను మాత్రము నిలుపుకొనెను. ఈ రచన మత్తులో చేసినదని శరత్తే మిత్రునికి వ్రాసినట్లు ప్రసిద్ధి. కాని యిందలి చూపు మత్తులోనిది కాదు.

వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున 1953లో వచ్చిన చిత్రముతో తెలుగువారి దేవదాసు వేఱయ్యెను. సుబ్బరామన్ బాణీలు (చిత్రము విడుదలకు ముందే, 1952లో, ఆయన కన్నుమూసెను), ఘంటసాల గళము, నాగేశ్వరరావు సోలిన కనులు కలసి ప్రేక్షకుని స్మృతినుండి లేఖను తొలగించి పాటను నిలిపినవి. దీనిని చిత్రదోషమని నేననను. గానము బలిమి అట్టిది. కాని నాటినుండి త్రాగుడు మనకు ప్రేమకు సాక్ష్యమై కూర్చున్నది.

అంతకుముందే గురజాడ, 1909 నాటి కన్యాశుల్కమున, సారాదుకాణమును చూపెను. అచట బైరాగికి వేదాంతము సారాకు తోడు. త్రాగువాని తర్కమును విని మనము నవ్వుదుము గాని కన్నీరు కార్చము. పలాయనమునకు ముసుగు విషాదమే కానక్కరలేదు, తత్త్వమును కావచ్చునని ఆయన ఎఱుగును.

ఆత్మవినాశము అను మాటను మనము దేవదాసు విషయమున సులభముగా వాడుదుము. అతనికి భార్య లేదు, బిడ్డలు లేరు, పిత్రార్జితము కలదు. కావున వినాశము అతనితోనే ముగిసినట్లు తోచును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణముపై తిరుగబడినపుడు ఎదుట నున్నది వేఱు దృశ్యము: కూలిడబ్బు దుకాణమునకు పోవుట, ఇంట పొయ్యి రాజకుండుట. అక్షరాస్యతా తరగతులలో కలసి చదివిన వారి యుద్యమము వ్యాపింపగా 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. శరత్ నవలను ఆ స్త్రీల కంటితో చదివిన విమర్శ మనకింకను రావలసియున్నది.

ఆ చదువు గ్రామములకే పరిమితము కాదు. కొండాపూరు వీధులలో, గాజుమేడలనుండి వెలువడి రాత్రి పానశాలలు చేరు యువకోద్యోగులలో కొందఱికి దేవదాసువలెనే ధనపు కొఱత లేదు. నెలనెలా జీతము ఖాతాలో పడుచున్నంతకాలము పతనము పొరుగువానికి కూడ తెలియదు. వారును ఏదో యొక లేఖ వ్రాసియే యుందురు.