రోగులే వ్రాసిన రోగచరిత్ర: ఒక పరిశోధన పత్రముపై విమర్శ

జ్వరము తగ్గినవానికి పథ్యము పెట్టుట మన ఇండ్లలో చాలకాలముగా ఉన్న ఆచారము. మెత్తగా వండిన అన్నము, చారు, బీరకాయ కూర. తలకు నీళ్ళు ఎన్నవనాడు పోయవలెనో, ఎండలోనికి ఎప్పుడు పోవచ్చునో చెప్పుటకు ఇంటిలో ఒక పెద్ద దిక్కు. జ్వరము తగ్గుట వేరు, మనిషి తేరుకొనుట వేరు అని ఆ ఆచారము నేర్పరచినవారు ఎరుగుదురు. ఆ రెంటి నడుమ కాలమునకు వారు హద్దును గూడ పెట్టిరి: పది దినములో, ఒక నెలయో. ఆ హద్దు దాటినను మనిషి తేరుకొననిచో ఏమి చేయవలెనో పథ్యపు శాస్త్రములో లేదు. కోవిడ్ వచ్చిన తొలి మాసములలో ఆధునిక వైద్యులకును దీనికి సమాధానము దొరకలేదు. రెండు వారములలో తగ్గిపోవు జబ్బు అని అప్పుడు లెక్క. తగ్గనివారు ఆ లెక్కలో ఎక్కడను లేరు.

వారికి ఆ లెక్కలో చోటు కల్పించిన రచన నొకదానిని ఇక్కడ పరిశీలింపదలచితిని. అది గ్రంథము కాదు, పరిశోధన పత్రము. 2021లో లాన్సెట్ కుటుంబమునకు చెందిన ‘ఇ-క్లినికల్ మెడిసిన్’ పత్రికలో వెలువడినది. హన్నా డేవిస్, గినా అస్సాఫ్, లండన్‌లో నాడీశాస్త్రజ్ఞురాలగు అథీనా అక్రమి మున్నగువారు దాని కర్తలు. కోవిడ్ సోకి నెలల తరబడి కోలుకొననివారే కలిసి ఈ పని తలపెట్టిరి. పరిశోధించువారును, పరిశోధింపబడువారును ఒక్కరే యగుట మన శాస్త్రములలో అరుదు. పరిశోధన పత్రమును కావ్యమువలె విమర్శించుట ఏమని కొందరడుగవచ్చును. దానికిని ఒక చూపు, ఒక భాష, వాటివలన వచ్చిన గుణదోషములు ఉండును గదా. అదియునుగాక, దీని అంకెలు వార్తాపత్రికలకు ఎక్కినంతగా దీనిలోని విషయము ఎక్కలేదు.

ఈ విషయమున నేను తటస్థుడను కానని ముందే చెప్పుట న్యాయము. 2021 మే నెలలో నాకు కోవిడ్ వచ్చెను. జ్వరము ఆరు దినములే. ఆసుపత్రిలో చేరవలసిన పని లేకపోయెను. కాని కళాశాలకు తిరిగి పోవుట మొదలుపెట్టిన తరువాత, రసాయన ప్రయోగశాలలో విద్యార్థులకు టైట్రేషన్ చూపుచు బ్యూరెట్టు రీడింగు చూచి, పుస్తకములో వ్రాయుటకు వంగునప్పటికి ఆ అంకె నా మనస్సులో లేదు. మరల చూచితిని. మరల పోయినది. ప్రక్కనున్న విద్యార్థి చెప్పగా వ్రాసికొంటిని. ఇంకొక వింత: రెండంతస్తులు ఎక్కిన నాడు బాగుగనే ఉండి, మరునాటి సాయంకాలమునకు మంచము పట్టుచుంటిని. చూచిన వైద్యుడు పరీక్షలు చేయించి, “అంతా నార్మలే, మాస్టారూ. రోజూ కాస్త వేగంగా నడవండి” అనెను. ఆయనను తప్పు పట్టను. చేతిలో ఉన్న పరీక్షలు చెప్పగలిగినది అంతే. ఫినాల్ఫ్తలీను చుక్క వేసిన, మంచినీటిలోను రంగు రాదు, ఆమ్లములోను రంగు రాదు. రంగు రాలేదు కనుక కుప్పెలో ఉన్నది నీరేయని వ్రాసిన విద్యార్థికి మాత్రము నేను మార్కులు వేయను.

ఇక పత్రము సంగతి. 2020 సెప్టెంబరు 6 నుండి నవంబరు 25 వరకు వీరు ఇంటర్నెట్టు ద్వారా ఒక ప్రశ్నావళిని పంచిరి. ప్రశ్నలు 257. నింపుటకు గంటకు పైగా పట్టునది. చదివినది చదివినట్లు మరచిపోవువారు దానినెట్లు ముగించిరో ఊహించుకొనవచ్చును. ఆ సంవత్సరము జూనుకు ముందే జబ్బుపడి, 28 దినములకు మించి లక్షణములు నిలిచినవారి సమాధానములను గ్రహించిరి. అట్టివారు 56 దేశములలో 3,762 మంది. వారు చెప్పిన లక్షణములు మొత్తము 203. అందు 66 లక్షణములు ఏడు మాసములలో ఎట్లు నడచినవో గీతలు గీసి చూపిరి.

పత్రములో విలువైన భాగము ఆ గీతలే. లక్షణములు మూడు తెగలుగా విడిపోయినవి. మొదటి రెండు మూడు వారములలో హెచ్చి, తరువాత తగ్గునవి ఒక తెగ. మొదటినుండి దాదాపు ఒకే మట్టమున సాగునవి రెండవ తెగ. తొలుత అంతగా కనబడక, రెండు మాసములలో పెరిగి నిలుచునవి మూడవ తెగ. ఈ మూడవ తెగను ఆసుపత్రి రికార్డులనుండి కనుగొనుట కష్టము. రోగి అప్పటికే “కోలుకొన్నవారు” అను పట్టీలో చేరి ఇల్లు చేరియుండును. రెండవ మాసమున చెవిలో హోరు పుట్టినచో, దానిని అంతకు ముందు వచ్చిన జ్వరముతో ముడిపెట్టుట అతనికే తోచదు. వేలమంది గీతలను ఒకదానిపై నొకటి ఉంచి చూచినప్పుడు గాని ఆ ముడి కనబడదు.

ఆరు మాసములు గడచిన తరువాతను ఎక్కువమందిని పీడించినవి మూడు: అలసట, మతి కుదురుగా పనిచేయకుండుట, శ్రమపడిన తరువాత జబ్బు పెరుగుట. నూటికి దాదాపు 86 మందికి జబ్బు తగ్గినట్లే తగ్గి మరల వచ్చినది. వ్యాయామము, శరీరశ్రమ, మనశ్శ్రమ, ఆందోళన దానికి ప్రేరకములని వారు చెప్పిరి. నూటికి 45 మంది పనిగంటలు తగ్గించుకొనిరి. మరి 22 మంది అప్పటికి పనియే చేయలేకుండిరి. ఈ వాక్యములు చదివిన నాడు నాకు కలిగిన ఊరటను దాచను. రెండంతస్తుల మెట్లకును, మరునాటి మంచమునకును గల సంబంధము నా భ్రమ కాదని నాకు మొదట చెప్పినది వైద్యుడు కాదు, ఈ పత్రము.

ఊరట కలిగించినంత మాత్రమున శాస్త్రము కాదు. దోషములనుగూడ చెప్పవలెను, అవి చిన్నవి కావు. ఈ ప్రశ్నావళి ముఖ్యముగా రోగుల సహాయక బృందములలో తిరిగినది. బాధ తీరినవాడు అట్టి బృందమున ఉండడు, గంటసేపు కూర్చుండి ప్రశ్నలకు బదులు వ్రాయడు. కావుననే, వీరిలో నూటికి 91 మందికి పైగా కోలుకొనుటకు 35 వారములు దాటునని వ్రాసిన మాటను, కోవిడ్ వచ్చినవారందరికిని వర్తించు మాటగా చదువరాదు. జవాబులిచ్చినవారిలో అయిదింట నాలుగు వంతులకు దగ్గరగా స్త్రీలు, అధికసంఖ్యాకులు శ్వేతజాతివారు. మూడింట రెండు వంతులకు పైగా రోగనిర్ధారణ పరీక్ష కాగితము లేనివారు. ఆ వసంతకాలమున అనేక దేశములలో పరీక్షయే దొరకలేదు కనుక ఇది వారి తప్పు కాదు. అయినను పత్రమునకు లోపమే. అన్నిటికంటె పెద్ద లోపము, పోల్చి చూచుటకు కోవిడ్ రానివారి గుంపు లేకుండుట. లోకమంతయు ఇండ్లలో బందీయై భయపడుచున్న ఆ సంవత్సరమున, జబ్బు రానివారికి మాత్రము నిద్ర పట్టినదా, తల నొవ్వలేదా?

ఈ లోపమును దిద్దిన పత్రము నెదర్లాండ్సు నుండి 2022 ఆగస్టులో లాన్సెట్‌లోనే వెలువడినది. ఆ దేశపు ఉత్తర భాగమున 76,422 మందిని, జబ్బు రాక ముందునుండియే, మరల మరల ప్రశ్నించుచు వచ్చిరి. అందు కోవిడ్ వచ్చినవారు 4,231 మంది. మూడు నుండి అయిదు మాసముల తరువాత ముఖ్య లక్షణములలో ఏదో ఒకటి గట్టిగా పెరిగియున్నవారు వీరిలో నూటికి 21.4. కోవిడ్ రాని, వయస్సు మున్నగువాటిలో వీరితో సరితూగు వారిలో 8.7. తీసివేసిన మిగిలినది 12.7, అనగా ఎనిమిదింట ఒకరు. అదియు తొలి వైరస్ రకములు తిరిగిన కాలపు అంకె. రోగుల పత్రము చదివి బెదిరినవారికి ఇది ధైర్యము. అంతయు మనోభ్రాంతియే యనువారికి ఇది సమాధానము. ఎనిమిదింట ఒకరనగా, అరువదిమంది కూర్చున్న నా తరగతిలో ఏడెనిమిదిమంది మాట.

203 అను సంఖ్యపై నాకు ఇంకొక అభ్యంతరము కలదు. పత్రికలు దానినే ఎత్తిచూపినవి. నా దృష్టిలో పత్రమునందలి అతి బలహీనమైన అంకె అదియే. లక్షణమును ఎన్ని ముక్కలుగా కోసి అడిగిన అన్ని లక్షణములు వచ్చును. జ్ఞాపకమును నాలుగు ప్రశ్నలుగా చీల్చిన నాలుగు, నలువదిగా చీల్చిన నలువది. అది రోగమును కొలిచిన సంఖ్య కాదు, ప్రశ్నావళిని కొలిచిన సంఖ్య.

ఇక్కడనే భాష సంగతి వచ్చుచున్నది. రోగము సంఖ్యకు ఎక్కవలెననిన ముందు మాటకు ఎక్కవలెను. ‘లాంగ్ కోవిడ్’ అను పేరును సైతము పెట్టినది వైద్య పరిషత్తు కాదు. ఇటలీ దేశపు లొంబార్డీలో జబ్బుపడిన ఎలీసా పెరెగో అను పురావస్తు శాస్త్రజ్ఞురాలు 2020 మే నెలలో ఆ పేరును మొదట వాడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిర్వచనమును ప్రకటించినది 2021 అక్టోబరులో. మన పత్రపు ప్రశ్నావళి తొమ్మిది భాషలలో వెలువడినది. స్పానిషు, అరబ్బీ, ఇండోనేషియా భాష అందు కలవు. మన దేశపు భాష ఒక్కటియు లేదు.

తెలుగులో ఉండినచో ఎట్లుండెడిది? ఇంగ్లీషువారు ‘ఫటీగ్’ అని ఊరకొన్న చోట మనకు అలసట, నీరసము, నిస్సత్తువ అని మూడు మాటలు. అలసట పనిచేసినవానికి వచ్చును, నిద్రించిన పోవును. నీరసము ఉపవాసమున్నవానికిని వచ్చును. నిస్సత్తువ పని లేకున్నను, తిన్నను, పడుకొన్నను ఉండును. నెలల తరబడి కోలుకొననివారిది ఈ మూడవది. ఆయాసము సంగతి ఇంకను చిక్కు. ఊపిరాడకపోవుటను ఆయాసమందురు, కొందరు ఒట్టి అలుపునుగూడ ఆయాసమనియే అందురు. “ఆయాసం ఉందా?” అని అడిగి, “ఉంది” అన్న జవాబును ఊపిరితిత్తుల వరుసలో వేయవలెనా, కండరముల వరుసలో వేయవలెనా? ‘బ్రెయిన్ ఫాగ్’ను మాటకు మాటగా ‘మెదడు పొగమంచు’ అనుట నాకు సమ్మతము కాదు. మంచు పట్టిన ఉదయమున దారి కనబడకున్నను, దారి ఉన్నదని తెలియును. బ్యూరెట్టు వద్ద నాకు దారియే లేకపోయెను. మా అమ్మ శాస్త్రము చదివినది కాదు; “చూసింది చూసినట్టు జారిపోతోందా, నాయనా?” అని అడిగినది. ప్రశ్నావళికి అంతకంటె మంచి వాక్యము నేను వ్రాయలేను.

అన్నిటికంటె ముఖ్యమైన లక్షణమునకే సరియైన మాట కుదరలేదు. దానిని ‘శ్రమానంతర నీరసము’ అనిన, “శ్రమ చేస్తే నీరసం ఎవరికి రాదు?” అని నవ్విపోవుదురు. ఇక్కడ శ్రమ ఈనాటిది, ఫలము రేపటిది; ఫలము శ్రమకు తగినంత గాక పదింతలు. మన ఇండ్లలో దీనికి దగ్గర మాట ఒకటి ఉండనే ఉన్నది: తిరగబెట్టుట. టైఫాయిడు తగ్గి, నోరు కట్టుకొననందున తిరగబెట్టినదనుట అందరెరిగిన మాట. ‘శ్రమకు తిరగబెట్టుట’ అనినచో ఆలస్యమును తెలియును, కారణమును తెలియును, జాగ్రత్తయు తెలియును.

ఈ మాటపై ఇంత పట్టుదల ఏల అనిన, దానిని బట్టియే సలహా మారును గనుక. ఒట్టి నీరసమైన నడకతో పోవును. తిరగబెట్టునదైన అదే నడక హాని చేయును. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధకులు 2024 జనవరిలో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఇట్టి లక్షణము గల 25 మంది రోగులను, పూర్తిగా కోలుకొన్న 21 మందిని స్థిరముగా నిలిపిన సైకిలుపై శక్తికొలది త్రొక్కించిరి. దానికి వారము ముందు ఒకసారి, మరునాడు ఒకసారి తొడ కండరమునుండి చిన్న ముక్క తీసి పరీక్షించిరి. రోగుల కండరములలో మరునాటికి మైటోకాండ్రియాల శక్తి తగ్గినది. కండర కణములు దెబ్బతిన్న గుర్తులు హెచ్చినవి. ఇరువదియైదుగురు అల్పసంఖ్యయే. కాని ఇంటర్నెట్టులో రోగులు వ్రాసికొన్న “మరునాడు” అను మాటకు సూక్ష్మదర్శిని క్రింద సాక్ష్యము దొరికినది. నన్ను పరీక్షించిన వైద్యుని చేతిలో ఇట్టి పరీక్ష లేదు. సాధారణ ఆసుపత్రులలో నేటికిని లేదు. బ్రిటనులో వైద్య మార్గదర్శకములను వ్రాయు నైస్ సంస్థ, ఈ లక్షణమే ప్రధానముగా గల మరియొక పాత జబ్బున, వ్యాయామమును అంచెలంచెలుగా పెంచు చికిత్సను ఇవ్వవద్దని 2021లోనే వ్రాసినది. వ్యాయామము అందరికిని చెడ్డదని దీని అర్థము కాదు. మరునాడెట్లున్నదని అడుగక సలహా చెప్పుట చెడ్డది.

రోగుల పత్రమును తిరిగి వ్రాయుదునేని 203ను కొట్టివేయుదును, పోలికకు ఒక గుంపును చేర్చుదును, గీతలను మాత్రము ముట్టుకొనను. తెలుగు ప్రశ్నావళి ఒకటి ఎవరైన సిద్ధపరచుచో, ప్రశ్నలు 257 వలదు; నలువది చాలును, రెండు పూటలుగా నింపుకొననిచ్చిన చాలును. కొన్ని ప్రశ్నలను తల్లులచేత వ్రాయించినను నష్టము లేదు.

నా సంగతి అడుగువారుందురు. రీడింగు ఇప్పుడు జారిపోవుట లేదు. మనస్సులో నిలుపుకొని పుస్తకమున వ్రాయుచున్నాను. మెట్లు ఒక అంతస్తు ఎక్కి, నడుమ వరండాలో కాసేపు నిలిచి, రెండవది ఎక్కుదును. గురువారము ప్రాక్టికల్సు రెండు వరుసగా పడినచో, టైంటేబులు వేయు మా సహాధ్యాపకుడు నన్నడుగకయే నా శుక్రవారపు మొదటి గంటను ఖాళీగా ఉంచుచున్నాడు.