నామిని లెక్క

మొన్న తిరుపతిలో ఒక కాలేజీ పండగలో పిలకాయలు నామిని కత ఒకటి చదివినారు. నాకు ఒళ్లు మండింది. నవ్వొచ్చే చోటు ఇంకా రానేలేదు, హాలంతా విరగబడి నవ్వుతా ఉంది. ‘ఏందిమే’ అంటే నవ్వు, ‘యాడికి’ అంటే నవ్వు. 2021లో ‘పుష్ప’ సినిమా వచ్చినప్పటి నుంచి మన చిత్తూరు మాటకు రాష్ట్రాలు దాటి గిరాకీ పెరిగింది, సంతోషమే. కానీ నోరు తెరిస్తే చాలు నవ్వేవాళ్లకు అసలు సంగతి ఎప్పుడు చెవికెక్కుతుంది?

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. మన ఊరి మాటలోనే రాయండి, పత్రికల భాషకు ఒక దండం పెట్టండి అని. దానికి నేను చూపించే సాక్ష్యం ఎప్పుడూ మిట్టూరు నామిని సుబ్రమణ్యం నాయుడే. ఆయన ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ వచ్చినాక మన పల్లెల అమ్మలూ అబ్బలూ వాళ్ల నోటితోనే అచ్చులోకి ఎక్కినారు.

కాలేజీ పండగ నాటి రాత్రి మా అవ్వ గుర్తొచ్చింది. విత్తనాలకు చెనిక్కాయలు ఒలిచే రోజులవి. వసారాలో కుప్ప, చుట్టూ ఆడోళ్లు. పప్పు మీది పొర చెదిరితే మొలక రాదు, కాబట్టి బొటనవేలితో నొక్కి మెల్లిగా ఒలవాల. అవ్వ తన మరిది ఎనుము కొన్న కత చెప్పేది. సంతలో బేరమెంత, తరగరికి ఎంత, పలుపుతాడుకు ఎంత, ఇంటికి తోలకొచ్చేదానికి ఎంత, ఒక్క అణా వదిలేది కాదు. తరువాత గడ్డి లెక్క, తవుడు లెక్క, ఎనుము ఇచ్చిన పాల లెక్క. ఆ చివరి లెక్క చెప్పేసరికి ఆడోళ్లు కండ్లనీళ్లు తుడుచుకుంటా నవ్వేవాళ్లు. అవ్వ మొగంలో నవ్వుండదు, చేతులు ఆగవు. అట్లాంటి ఎనుము వాళ్లందరి ఇండ్లలోనూ ఒకటి ఉండేది.

అవ్వ నవ్వించింది యాసతో కాదు, ఆ వసారాలో అందరిదీ ఒకటే మాట. నామిని దగ్గరా అంతే. ‘పిల్లల భాషలో ఆల్జీబ్రా’ రాసినాయన ఆయన. కతల్లోనూ లెక్క తప్పడు. బీదతనాన్ని గురించి ఉపన్యాసం చెప్పడు, ఇంట్లో ఏముందో, ఏం లేదో చూపిస్తాడు. నవ్వు అక్కడినుంచి పుడుతుంది. ‘మునికన్నడి సేద్యం’లో ఆ నవ్వు గొంతుకు అడ్డం పడుతుంది. 2014లో వచ్చిన ‘మూలింటామె’ నవలలో డబ్బాశ ఒక ఇంటిని ఎట్లా తినేస్తుందో చూస్తే నవ్వినందుకు గుండె బరువెక్కుతుంది.

నవ్వు వెనక డబ్బు లెక్క ఉండేది మన ఊళ్లలోనే కాదు. నండూరి రామమోహనరావు అనువాదాలతో మనకు చుట్టమైన మార్క్ ట్వేన్ కూడా అప్పుల రుచి చూసినవాడే. అచ్చు అక్షరాలు పేర్చే యంత్రం మీద డబ్బంతా పోసి 1894లో దివాలా తీసినాడు. ఆ బాకీలు తీర్చడానికి ఊరూరా ఉపన్యాసాలిస్తా 1896లో మన దేశానికీ వచ్చినాడు. వేలమందిని నవ్వించి అందరి అప్పూ కట్టేసినాడు.

కతలు పంపే పిలకాయలకు ఈ వారం ఒకటే చెబుతున్నా. యాస సంగతి తరువాత చూసుకుందాం. మీ ఊళ్లో డెయిరీవాళ్లు పాలలో వెన్న ఎట్లా చూస్తారో, మదనపల్లె మార్కెట్లో టమాటా ఎంత పలికితే కోత కూలి గిట్టుతుందో, మీ అమ్మ చీటీ డబ్బు యాడ నుంచి తెచ్చి కడతా ఉందో కనుక్కోండి. అది రాసి పంపండి. పత్రికల భాషలో రాసినా సరే, చదువుతా.