భాగస్వామి ఎవరు?

ఈమధ్య మా విద్యార్థి ఒకడు కథ రాసి చూపించాడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు భోజనం పొట్లాలు చేరవేసే కుర్రవాడు అందులో నాయకుడు. వర్షంలో ఆలస్యమవుతుంది, మూడో అంతస్తు నుంచి ఒక యువకుడు దిగివచ్చి తిడతాడు, మనవాడు కన్నీళ్ళు దిగమింగి వెళ్ళిపోతాడు. కథలో సానుభూతికి కొదవ లేదు. కాని తిట్టినవాణ్ణి ప్రతినాయకుణ్ణి చేయడంలోనే రచయిత దారి తప్పాడని నా అభిప్రాయం. పోటీ పరీక్షల కోచింగుకని నల్లగొండ నుంచి వచ్చి, ఇరుకు గదిలో ముగ్గురితో సర్దుకునేవాడు దోపిడీదారు ఎట్లా అవుతాడు? అసలు దోపిడీదారు ఆ వీధిలో కనిపించడు. కనిపించకపోవడమే అతని వ్యాపార రహస్యం.

ఎల్.బి.నగర్ దారిలో కొత్తపేట దగ్గర 2021 దాకా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండేది. రైతుకూ కొనేవాడికీ నడుమ కమీషన్ ఏజెంటు కూర్చునేవాడు. అతను పుణ్యాత్ముడని నేననను. అయినా రైతు అతని ముఖం చూడగలిగేవాడు, నిలదీయగలిగేవాడు. నేటి ప్లాట్‌ఫాం కూడా కమీషన్ వ్యాపారమే. అయితే ధరా తానే కడుతుంది, ఏ పని ఎవరికివ్వాలో తానే తేలుస్తుంది, ఆ లెక్క పనివాడికి చూపదు. మొదట మదుపుదారుల డబ్బు వెదజల్లి ఇటు కొనేవారికి తగ్గింపులూ, అటు పనివారికి ప్రోత్సాహకాలూ ఇస్తుంది. కొనేవారు పెరిగితే హోటళ్ళు చేరక తప్పదు. హోటళ్ళు పెరిగితే కొనేవారు వదలలేరు. అందరూ అలవాటుపడ్డాక వసూళ్ళు మొదలు. జొమాటో 2023 ఆగస్టులో ఆర్డరుకు 2 రూపాయలతో పెట్టిన ప్లాట్‌ఫాం రుసుం 2024 అక్టోబరుకు 10 రూపాయలయింది.

ఇక ఎల్.బి.నగర్ మెట్రో స్తంభాల నీడన బండ్లాపుకుని ఫోను వంక చూస్తూ కూర్చున్నవారిని చూడండి. బండి వారిది, పెట్రోలు వారిది, ఫోను వారిది, బండి వాయిదా కూడా వారిదే. ఎదురుచూసిన గంటకు కూలి లేదు. కర్మాగారంలో యంత్రం ఆగితే యజమాని గుండె ఆగుతుంది. ఇక్కడ ఆర్డర్లు ఆగితే పస్తు పనివాడికే. మార్క్స్ 1867లోనే ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ముక్కకూలికి ఒక అధ్యాయం కేటాయించి, అది కాలవేతనానికి మారురూపమేనని చూపించాడు. సొంత మగ్గం మీద ఆసామికి నేసిపెట్టే పోచంపల్లి నేతగాడికి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇటువంటివాణ్ణి కంపెనీ ‘డెలివరీ పార్ట్‌నర్’ అంటుంది. మాటలతో పని చేసేవాళ్ళం గనుక మనం ఇక్కడ ఆగాలి. భాగస్వామికి లాభంలో వాటా ఉండాలి. ఇతనికున్నది నష్టంలో వాటా. ఉద్యోగి అంటే కనీస వేతనం, భవిష్యనిధి ఇవ్వవలసి వస్తుంది. ఆ ఖర్చంతా ఒక్క మాటతో మిగిలిపోయింది. 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ప్లాట్‌ఫాం కార్మికుడనే పేరు చట్టంలోకెక్కింది, నిజమే. కాని అతని పనిని సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపలే నిలబెట్టింది. కంపెనీ సంక్షేమనిధికి ఇవ్వవలసింది సాలీనా టర్నోవరులో 1 నుంచి 2 శాతం. అదీ పనివారికి చెల్లించే మొత్తంలో 5 శాతం మించనక్కరలేదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక లెక్కన 2020–21 నాటికే దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలు.

“అయితే కథలో లెక్కలు రాయమంటారా, సార్?” అన్నాడు మా రచయిత. రాత్రి గది చేరి, వచ్చిన డబ్బులోంచి పెట్రోలుకూ వాయిదాకూ తీసిపెట్టే దృశ్యం రాయమన్నాను. మరి ఆ తిట్టిన యువకుణ్ణి ఏం చేయాలన్నాడు. పరీక్ష పోయాక అతనిచేత కూడా అదే యాప్‌లో పేరు నమోదు చేయించమన్నాను.